గూళ్లు ఏరే కన్ను

ధర్మపురిలో పట్టుగూళ్లు ఏరే ఒకావిడ ఉండేది. తెలుగింటి మనిషి, ఇంట్లో తెలుగు, బజారులో తమిళం. గూళ్లను వేలానికి తీసుకెళ్లే ముందు రైతులు ఆమెను పిలిపించుకునేవారు. మరక పడ్డవి, పలచగా ఉన్నవి, ఊజి ఈగ పురుగు తొలిచినవి, రెండు పట్టుపురుగులు కలిసి అల్లుకున్న జంట గూళ్లు ఏరి పక్కన పెట్టడం ఆమె పని. మంచి గూటిలో సుమారు కిలోమీటరు పొడవున ఒకే పోగు ఉంటుంది. జంట గూటిలోనేమో రెండు పోగులు చిక్కుపడి సాఫీగా ఊడిరావు. అలాంటివి నాలుగు కంటబడితే చాలు, కొనేవాడు మొత్తం గుట్టకే ధర తగ్గిస్తాడు. ఏళ్ల తరబడి ఆ పని చేసీ చేసీ, గుట్టలో చెయ్యి పెట్టకముందే ఆమెకు చెడ్డ గూడు కనిపించేది.

నలభై దాటి, కూతురి పెళ్లి కూడా అయ్యాక, ఆమె కోట కామాక్షమ్మ గుడి దగ్గర భరతనాట్యం నేర్పే ఒక పెద్దావిడ దగ్గర చేరింది. 1935లో అడయారులో తొలిసారి భరతనాట్యం ఆడేనాటికి రుక్మిణీదేవి అరండేల్‌కు 31 ఏళ్లని ఎవరో చెప్పగా విని ధైర్యం తెచ్చుకుంది. రుక్మిణీదేవి అంతకుముందే బాలే నేర్చుకున్న మనిషన్న సంగతి మాత్రం ఆ చెప్పినవాళ్లు చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదయింది.

తరగతిలో మిగతావాళ్లంతా ఏడెనిమిదేళ్ల పిల్లలు. మోకాళ్లు పక్కలకు వంచి అరమండిలో సగం కూర్చుంటే ఆమె తొడలు వణికేవి, మడమలు పైకి లేచేవి. పాదంతో నేలను తట్టే తొలి పాఠం తట్టడవును మొదటి కాలంలో, అంటే నెమ్మదిగా, ఎలాగో వేసినా, వేగం రెట్టింపయ్యే రెండో కాలానికి పాదం తాళం తప్పేది. పిల్లలూ తప్పేవారు. తప్పి, నవ్వేసి, మళ్లీ తొక్కేవారు. ఆమె మాత్రం గోడకున్న అద్దంలో తన వంగిన వీపునూ, జారిన మోచేతినీ, ఆలస్యంగా పడ్డ పాదాన్నీ ఒక్కొక్కటిగా ఏరుకుంటూ నిలబడిపోయేది. నెల తిరక్కుండానే మానేసింది.

కొన్నాళ్లకు ఆ పెద్దావిడ గూళ్లు ఏరే కొట్టానికి వచ్చింది. నాట్యం ఊసే ఎత్తలేదు. ఆమె పక్కన చాప మీద కూర్చుని తానూ ఏరడం మొదలుపెట్టింది. మంచివాటిని చెడ్డవాటిలో పడేసింది, జంట గూళ్లను మంచివాటిలో కలిపింది. ఈవిడ ఏమీ అనకుండా సరిచేసింది. పెద్దావిడ మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. తప్పినప్పుడల్లా తనలో తాను నవ్వుకుని ఇంకో గూడు అందుకునేది. నాలుగైదు రోజులకు జంట గూటిని వేళ్లతో తడిమి పట్టుకోగలిగింది. పలచ గూళ్లు మాత్రం అప్పటికీ ఆమెకు దొరకలేదు.

ఒక సాయంత్రం గూళ్లు ఏరే ఆవిడ తన చేతులు చేస్తున్న పని చూసుకుంది. పెద్దావిడ కోసమని సులువైన గుట్ట ఒకటి తనకు తెలియకుండానే పక్కకు తీసిపెడుతోంది. ఇన్ని రోజుల్లో ఆ మనిషికి ఈ పని రాదనీ, మానుకుంటే బాగుండుననీ ఒక్కసారి కూడా అనిపించలేదు. ఆ వారమే వెళ్లి పిల్లల వెనక వరసలో, అద్దం కనబడని చోట నిలబడింది. పెద్దావిడ ఏమీ అడగలేదు. చెక్కపీట మీద కర్రతో తాళం మొదలుపెట్టింది.

నడివయసులో నాట్యం మొదలుపెట్టినవాళ్లను మోకాళ్ల కంటే ముందు కళ్లు కూర్చోబెడతాయి. వేరే పనిలో పదునెక్కిన చూపు, ఇంకా పదును రాని కాళ్ల మీద తీర్పు చెప్పేస్తుంది. పక్కన కూర్చున్న కొత్తవాళ్లకు అడక్కుండానే ఇచ్చే సులువైన గుట్టను, మొదటి కొన్ని నెలలూ మనకు మనమే తీసిపెట్టుకోవాలి. మూడో కాలం అందరికీ వస్తుందని ఈ కథ మాటివ్వదు, మొదటి కాలం రావడానికి మాత్రం తరగతిలో నిలబడి ఉండాలి.