తేరుకోవడం

కిందపడ్డ మనుషుల గురించి భర్తృహరి నీతిశతకంలో ఒక శ్లోకం ఉంది. దానికి ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగు పద్యాన్ని మా తరం బళ్ళో బట్టీ పట్టింది. సుజనుడు కిందపడితే బంతిలా మళ్ళీ పైకి ఎగురుతాడు, మందుడు మట్టిముద్దలా పడ్డచోటే అణిగి ఉంటాడు అని దాని సారం. అందులో పడేవాడూ లేచేవాడూ ఇద్దరూ మగవాళ్ళే. ఆడది పడితే ఏమవుతుందో కవి చెప్పలేదు, మాకు పాఠం చెప్పిన మాస్టారూ చెప్పలేదు. పడేంత ఎత్తుకి ఆడది ఎక్కుతుందని వాళ్ళెవరూ అనుకుని ఉండరు.

ఈ మధ్య నాకా పద్యంతో పని పడింది. ట్రయథ్లాన్ అని ఒక పోటీ ఉంది. ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి ఒకే రోజు చెయ్యాలి. దూరం పెద్దదైతే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42.2 కిలోమీటర్ల పరుగు. సాధారణంగా 17 గంటల గడువు. 1978లో హవాయి దీవుల్లో 15 మంది మగవాళ్ళతో మొదలైతే 12 మందే పూర్తి చేశారు. మరుసటి ఏడాదే లిన్ లెమేర్ అనే ఆమె మగవాళ్ళతో కలిసి పోటీ చేసి అయిదో స్థానంలో వచ్చింది. ఇందులో సగం దూరానిది కూడా ఉంది, మొత్తం 113 కిలోమీటర్లు. మన దేశంలో 2019లో గోవాలో జరిగిన ఐరన్‌మ్యాన్ పోటీ ఆ సగం దూరానిదే. తాడేపల్లిగూడెంలో పుట్టి, ఇక్కడే ఉద్యోగం చేసి, యాభయ్యో పడిలో పడ్డ నేను అలాంటి ఒక సగం దూరపు పోటీకి పొరుగు రాష్ట్రం వెళ్ళాను. సముద్రంలో ఈత పూర్తయింది. సైకిలు మీద ఎదురుగాలి, కాళ్ళు కొంకర్లు. ఇంకా 14 కిలోమీటర్లు ఉండగా గడువు దాటిపోయింది. ఒక కుర్రాడు వచ్చి నా కాలికి కట్టిన చిప్ మర్యాదగా విప్పి తీసుకున్నాడు. ఫలితాల పట్టికలో నా పేరుకెదురుగా డీఎన్‌ఎఫ్ అని మూడక్షరాలు పడ్డాయి. పూర్తి చెయ్యలేదు అని అర్థం.

ఊరొచ్చాక నాకు రెండు రకాల ఓదార్పులు దొరికాయి. మొదటిది బంధువులది. "పోన్లేమ్మా, ఈ వయసులో అంతదాకా వెళ్ళావు, అదే ఎక్కువ" అన్నారు. రెండోది స్నేహితులది. "వదలొద్దు, వచ్చే ఏడాది మళ్ళీ వెళ్ళి సాధించి చూపించు. పడిలేచిన కెరటం అనిపించుకోవాలి" అన్నారు. ఇద్దరికీ నామీద ప్రేమే. కానీ మొదటి మాటలో నేను అక్కడికి వెళ్ళడమే అదనం. రెండో మాటలో నేను ఇప్పుడున్న స్థితికి విలువ లేదు, లేచి చూపిస్తేనే విలువ. ఓడిపోయిన మనిషి ఎవరికైనా ఏమైనా బాకీ ఉంటుందా? ఉంటే ఎవరికి? ఇదీ నన్ను పట్టుకున్న ప్రశ్న.

ముందు ఆ మూడక్షరాల సంగతి చూద్దాం. మా అమ్మ తొమ్మిదో తరగతి మధ్యలో బడి నుంచి ఇంటికొచ్చేసింది. పెళ్ళి కుదిరింది. "మీ అమ్మ చదువు మానేసింది" అంటారు మా వాళ్ళు. మానిపించినవాళ్ళు ఆ వాక్యంలో ఎక్కడా ఉండరు. ఆ బళ్ళో హాజరు పుస్తకంలో ఆమె పేరు కొట్టేసి ఉంటారు. ఆమె ఓడిపోయిందని ఎవరూ అనలేదు, బాధపడుతుందేమోనని ఎవరూ ఓదార్చలేదు. పందెంలో ఉందని అనుకుంటే కదా ఓడిపోయిందని అనుకోవడం! సంగీతం, టైపు, డిగ్రీ రెండో సంవత్సరం, సగం రాసిన నవల, ఇలా ఆడవాళ్ళు మధ్యలో వదిలినవి మన ఇళ్ళల్లో ఎన్ని లేవు? వాటికి మనం పెట్టిన పేరు సంసారం. ఆ లెక్కన డీఎన్‌ఎఫ్ అనే మూడక్షరాలు నాకు అవమానంగా తోచలేదు. నా పేరు కొట్టెయ్యలేదు. పేరు ఉంచి, ఎక్కడ ఆగానో రాశారు. పూర్తి చెయ్యలేదని రాయించుకోవడానికి కూడా ముందు మొదలుపెట్టే హక్కు ఉండాలి.

ఆ హక్కు స్త్రీలకు ఎంత ఆలస్యంగా వచ్చిందో, ఎంత సులువుగా పోయిందో చరిత్రలో ఉంది. 1908 లండన్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఇటలీ పరుగువీరుడు డొరాండో పియెత్రి చివర్లో పదేపదే కూలిపోయాడు. అధికారులు చెయ్యి పట్టి గీత దాటించారు, అందుకని అనర్హుడయ్యాడు. అయినా రాణి అలెగ్జాండ్రా అతనికి ప్రత్యేకంగా కప్పు బహూకరించింది. మగవాళ్ళ శరీరం మారథాన్‌కి పనికిరాదని ఎవరూ అనలేదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో స్త్రీలు మొదటిసారి ఒలింపిక్స్‌లో 800 మీటర్లు పరిగెత్తారు. పందెం ముగిశాక అలసిపోయి కూలబడ్డారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. దాంతో ఆ పందెమే తీసేశారు. అది స్త్రీలకు తిరిగి దక్కింది 1960లో. మారథాన్ అయితే 1984 దాకా రాలేదు. పియెత్రి పడితే పియెత్రి పడ్డాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కొందరు స్త్రీలు ఆయాసపడితే స్త్రీజాతి మొత్తం పడింది. మన అలసట మన ఒక్కరిది కాకుండా పోవడం ఇప్పటికీ ఉంది. కారు నడుపుతూ ఒక ఆడమనిషి గేటుకి గీత పెడితే వీధంతా ఏమంటుందో మీకు తెలుసు.

అందుకే మనం పడినా పడనట్టు కనిపించడం నేర్చుకున్నాం. 1982 ఫిబ్రవరిలో హవాయి పోటీలో జూలీ మాస్ అనే విద్యార్థిని అందరికంటే ముందుండి, ముగింపుకి కొద్ది దూరంలో కూలిపోయింది. లేచింది, మళ్ళీ పడింది. చివరికి పాకుతూ గీత దాటింది. అప్పటికే కాథ్లీన్ మెకార్ట్నీ ఆమెను దాటి 29 సెకన్ల తేడాతో గెలిచింది. టీవీలో చూసిన లోకం గెలిచినామె కంటే పాకినామెనే ఎక్కువ గుర్తుపెట్టుకుంది. ఆ దృశ్యం చూస్తే నాకూ కళ్ళు చెమరుస్తాయి. కానీ ఆ చప్పట్లలో ఒక పాత చప్పుడు వినిపిస్తుంది. ఒళ్ళు కాలిపోతున్నా వంట ముగించిన కోడలికీ, దెబ్బలు తిని కూడా కాపురం నిలబెట్టిన ఇల్లాలికీ మన ఊళ్ళల్లో పడే మెప్పు అది. భూదేవంత ఓర్పు అంటారే, అది. జూలీ మాస్ పాకడం ఆమె ఇష్టం, ఆమె ధైర్యం. దాన్ని ఆడదాని ఆదర్శంగా మలచడం మాత్రం మన అవసరం. శరీరం వద్దన్నచోట ఆగడం కూడా ఒక వివేకమని, అది తనపై తనకున్న అధికారమని మనకెవరూ పద్యం రాసి ఇవ్వలేదు.

ఇక మళ్ళీ వెళ్ళి గెలిచినవాళ్ళ కథలు. నాకు అందరూ పంపింది ఇవే. సారా రైనర్ట్‌సెన్ అమెరికా అమ్మాయి, ఒక కాలు లేదు. 2004లో హవాయిలో సైకిలు గడువు 15 నిమిషాల్లో తప్పిపోయింది. 2005లో తిరిగొచ్చి, కృత్రిమ కాలితో ఆ పోటీ పూర్తి చేసిన మొదటి స్త్రీ అయింది. కలకత్తా అమ్మాయి ఆరతీ సాహా 1959 ఆగస్టు 27న ఇంగ్లిష్ చానల్‌లోకి దిగింది. ఆవలి తీరం అయిదారు మైళ్ళుండగా ఎదురుప్రవాహం తోసేసింది. విరమించుకుంది. సెప్టెంబరు 29న మళ్ళీ దిగి 16 గంటల 20 నిమిషాల్లో దాటింది. చానల్ ఈదిన మొదటి ఆసియా స్త్రీ, అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్ళు.

ఈ కథలు చెప్పేవాళ్ళు రెండు తేదీలు చెప్పి మధ్యలో 33 రోజుల్ని దాటేస్తారు. ఆరతి మొదటిసారి ఆగిపోవడంలో ఒక పడవ సంగతి ఉంది. ఆమెకు దారి చూపాల్సిన బోటు ఆలస్యంగా వచ్చింది. ఈత ఆలస్యంగా మొదలైంది, ఆటుపోట్ల వేళ తప్పింది. రెండోసారి పడవా వచ్చింది, డబ్బూ సమకూరింది, వెన్నంటి నిలిచిన మనుషులూ ఉన్నారు. ఆమె గుండె నిబ్బరం రెండుసార్లూ ఒకటే. కాబట్టి మళ్ళీ లేవడమంతా మనసులో ఉన్న బలం వల్లే జరుగుతుందని చెప్పడం సగం అబద్ధం. మిగతా సగం పడవలో ఉంది.

మా ఊళ్ళో ఆ పడవ ఎలా ఉంటుందో చెప్తాను. గోదావరి నీళ్ళు మోసుకుని ఏలూరు కాలువ మా ఊరి మీదుగానే పోతుంది. ఎండాకాలం వంతెన మీంచి మగపిల్లలు అందులోకి దూకేవాళ్ళు. రేవులో బట్టలుతికే మాకు మోకాళ్ళ లోతు హద్దు. నీళ్ళు పక్కనే ఉన్నా నేను ఈత నేర్చుకున్నది నలభై దాటాక, వేరే ఊరు వెళ్ళి. రెండో ప్రపంచయుద్ధం నాడు వేసిన పాత ఎయిర్‌స్ట్రిప్ మీద తెల్లవారుజామున పరిగెత్తేదాన్ని. నాలుగున్నరకి ఇంట్లోంచి బయటపడాలంటే ముందు రాత్రే ఇడ్లీపిండి రుబ్బాలి, కూర తరగాలి, మామగారి మందులు డబ్బాలో సర్దాలి. నా పక్కన పరిగెత్తే మగవాళ్ళలో ఎవరినీ ఇడ్లీపిండి సంగతి అడిగినవాళ్ళు లేరు. నన్ను మాత్రం అందరూ అడిగారు, "మీ ఆయన ఒప్పుకున్నారా?" అని. గడువు అందరికీ ఒకటే. బయలుదేరే గీత మాత్రం ఒకచోట లేదు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఆ గీత ఇంకెంత వెనక ఉందో నాకు తెలుసు. ఆమె వచ్చి అంట్లు తోమబట్టే నాకా తెల్లవారుజాము దక్కింది. నా పడవలో ఆమె శ్రమ ఉంది, ఆమె పడవ ఇంకా రాలేదు.

సరే, తిరిగి వెళ్ళనివాళ్ళ మాటేమిటి? మన కరణం మల్లీశ్వరినే తీసుకుందాం. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి, 2000 సిడ్నీలో 240 కిలోలెత్తి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ. ఆ రోజు ఆమె ఆఖరి ప్రయత్నం 137.5 కిలోలు. అది నిలబడి ఉంటే బంగారం. నిలబడలేదు. మనం మురిసిపోయే ఆ కంచులో చెయ్యిజారిన ఇనుము కూడా కలిసి ఉంది. 2004 ఏథెన్స్‌లో నడుము గాయంతో పోటీ పూర్తి చెయ్యలేక ఆట విరమించుకుంది. ఆమె కథకి ముగింపు ఒక డీఎన్‌ఎఫ్. అందువల్ల ఆమె ఎక్కడైనా తగ్గిందా? తిరిగి వెళ్ళడం గొప్పే కావచ్చు, కానీ అది ధర్మం కాదు. వెళ్ళనివాళ్ళని మట్టిముద్దలనే హక్కు ఎవరికీ లేదు.

ఇప్పుడు బంతి సంగతి. బంతి గొప్పతనమల్లా పడినా దానికేమీ కాకపోవడం. పడకముందు ఎలా ఉందో లేచాకా అలాగే ఉంటుంది. ఆడవాళ్ళని మనం సరిగ్గా అలాగే ఉండమంటాం. కడుపు పోయినా పదోరోజుకి పొయ్యి దగ్గర ఉండాలి, ఏమీ జరగనట్టు. తల్లి పోయినా పెద్దకర్మ కాగానే ఆఫీసులో నవ్వుతూ ఉండాలి, ఏమీ జరగనట్టు. బంతి కావడానికి ముందు లోపల ఖాళీగా ఉండాలని ఎవరూ గమనించరు.

మన భాషలో ఇంకో మాట ఉంది, తేరుకోవడం. అది నీళ్ళ మాట. కాలువకి కొత్తనీరు వచ్చిన రోజుల్లో మా అమ్మమ్మలు ఆ ఎర్రనీళ్ళు తెచ్చి కుండలో పోసి, ఇండుపగింజ అరగదీసి కలిపి పక్కన పెట్టేవాళ్ళు. కాసేపటికి బురద అడుక్కి దిగి, పైన తేటనీరు తేరేది. అందులో ఎగరడం లేదు, చూపించడం లేదు. కావలసినవి రెండే. కొంత సమయం, ఎవరూ కదపకపోవడం. అడుగున బురద ఉంటుంది, ఎక్కడికీ పోదు. పైన నీళ్ళు మాత్రం తాగడానికి పనికొస్తాయి. మా పొరుగున కొల్లేరుదీ ఇదే పాఠం. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. గట్లు పోయిన మర్నాడే పాత సరస్సు లేచి రాలేదు. తర్వాత చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి. పెద్ద నీరు తేరుకోవడానికి పెద్ద ఓపిక కావాలి, లంక గ్రామాల పేదల బతుకూ దాంతోపాటు చూడాలి.

ఆ సమయం, ఆ కదపకపోవడం ఆడవాళ్ళకి ఎవరిస్తారు? నా దృష్టిలో అసలు నైతిక ప్రశ్న ఇది. లేస్తావా లేదా అని పడిన మనిషిని అడగడం తేలిక. ఆమె కుండని ఎవరూ తొణకకుండా చూసే బాధ్యత చుట్టూ ఉన్నవాళ్ళది. పోటీ తర్వాత నేను మూడు నెలలు పరిగెత్తలేదు. ఏం చేస్తున్నావని అడిగితే ఏమీ లేదని చెప్పాను. సమాధానం చెప్పనవసరం లేని ఆ మూడు నెలలు నా జీవితంలో ఎవరూ ఇవ్వగా వచ్చినవి కావు, నేను తీసుకున్నవి. తర్వాత మళ్ళీ పరుగు మొదలుపెట్టాను. సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామల యాభై దాటాక, 2025 జనవరి మొదటివారంలో విశాఖ నుంచి కాకినాడకి 150 కిలోమీటర్ల సముద్రపు ఈత ముగించినప్పుడు సంతోషించాను. ఆమెలా నేనూ చెయ్యాలని మాత్రం అనుకోలేదు. వచ్చే ఏడాది పోటీకి పేరు ఇస్తానో లేదో ఇంకా తేల్చుకోలేదు.

పద్యంలో బంతికి ఎదురుగా పెట్టిన మట్టిముద్ద మీద నాకిప్పుడు గౌరవం పెరిగింది. పడ్డచోటే ఉండిపోతుంది, నిజమే. పడినప్పుడు దాని రూపం మారుతుంది, దెబ్బ దాని ఒంటిమీద మిగులుతుంది. అయినా నీళ్ళు తేరడానికి కావలసిన కుండని చేసేది ఆ మట్టితోనే. బంతితో ఎవరూ చెయ్యలేరు.