దొంగతనం రక్తంలో ఉంటుందా?



తెనాలిలోగాని, బాపట్లలోగాని, రేపల్లెలోగాని, పెళ్లి సంబంధం ఖాయం చేసుకునే ముందు పెద్దలు తప్పకుండా వాకబు చేసే సంగతి ఒకటుంది: "వాళ్లది ఎలాంటి కుటుంబం?" ఆ ఇంట్లో ఒకరు జైలుకు వెళ్లివచ్చారని తెలిస్తే మాటలు అక్కడితో ఆగిపోతాయి. పిల్లవాడు స్వయంగా ఏ తప్పూ చేయకపోయినా సరే. నేరం తండ్రి నుండి కొడుకుకు రక్తంలో దిగివస్తుందని మనకు తెలియకుండానే మనం నమ్ముతున్నామన్నమాట. ఈ నమ్మకం సత్యమేనా? న్యాయమేనా?

దీనిని పరిశీలించడానికి మనం దూరం వెళ్లనక్కరలేదు. బాపట్ల నుండి చీరాల వెళ్లే రైలు మార్గంలో స్టువర్టుపురం అనే చిన్న స్టేషను ఉంది. ఈ నమ్మకాన్నే చట్టంగా మార్చినప్పుడు ఏమి జరుగుతుందో ఆ ఊరి చరిత్ర చెబుతుంది.

1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. నేతగాని కొడుకు మగ్గం పట్టినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. 1911లో ఆ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. మన ప్రాంతంలో దాని బరువు ఎరుకలవారి మీద పడింది. వారిలో చాలామంది పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మి బతికినవారు. ప్రభుత్వ ఉప్పు విధానమూ, రైళ్లూ ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోగా, తిరుగుడు మాత్రం మిగిలింది. ఆ తిరుగుడే అనుమానానికి కారణమైంది. 1913-14 ప్రాంతంలో వారి కోసం ఏర్పాటు చేసిన సెటిల్‌మెంటుకు మద్రాసు ప్రభుత్వ హోం సభ్యుడు హెరాల్డ్ స్టువర్టు పేరు పెట్టారు. నిర్వహణ రక్షణ సైన్యానికి అప్పగించారు. అక్కడివారు హాజరు వేయించుకోవాలి. అనుమతి లేనిదే ఊరు దాటరాదు. 1924 నాటి చట్టమైతే ఆరేళ్లు దాటి పద్దెనిమిదేళ్లు నిండని బిడ్డలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి బడులలో ఉంచే అధికారం కూడా ప్రభుత్వానికి ఇచ్చింది. బిడ్డ బాగుపడాలంటే తల్లి ఒడికి దూరం కావాలని ఆ చట్టం తలచింది!

1952లో ఆ చట్టం రద్దయింది. పేరు మాత్రం రద్దు కాలేదు. 1991లో ఆ ఊరి పేరుతో ఒకటి కాదు, రెండు సినిమాలు వచ్చాయి. దొంగతనం ఎన్నడూ ఎరుగని వ్యవసాయదారుడు, ఉపాధ్యాయుడు, చదువుకునే పిల్ల, అందరూ ఆ పేరును మోయవలసివచ్చింది.

అలాగని నేరం మీద కుటుంబ ప్రభావం లేదనుకుంటే మనల్ని మనం మోసగించుకున్నట్టే. 1961లో లండనులో 411 మంది బాలురను ఎంచుకుని పరిశోధకులు కొన్ని దశాబ్దాలపాటు వారి జీవితాలను గమనించారు. నేరశిక్ష పడిన తండ్రుల కొడుకులలో నూటికి 63 మందికి శిక్ష పడింది; తక్కినవారిలో నూటికి 30 మందికి. ఈ తేడా చిన్నది కాదు. అయితే దీనికి రక్తమే కారణమని చెప్పలేము. పిల్లవాడు ఎక్కడ తిరుగుతున్నాడో పట్టించుకోకపోవడం, గొడ్డును బాదినట్టు బాదడం, భార్యాభర్తల కలహాలు, పేదరికం, ఆ ఇంటి మీద పోలీసుల కన్ను, ఇవన్నీ కలిసి పనిచేస్తాయని ఆ పరిశోధకులు గుర్తించారు. ఇంకొక మాట. ఆ 63 మందిని చూసే మనం, అలాంటి తండ్రులకే పుట్టి శిక్ష లేకుండా బతికిన 37 మందిని ఎందుకు చూడము?

అమెరికాలోని బోస్టనులో నేరాలు చేసిన 500 మంది బాలుర జీవితాలను కూడా వారి వృద్ధాప్యం వరకు పరిశీలించారు. చాలామందిని ఆ దారి నుండి మళ్లించినవాటిలో ముఖ్యమైనవి అన్యోన్యమైన దాంపత్యం, నిలకడైన పని. మన స్టువర్టుపురంలోనూ 1970ల నుండి లవణం, ఆయన భార్య, మహాకవి జాషువా కుమార్తె హేమలత, ఆ కుటుంబాల మధ్యకే వెళ్లి పునరావాసానికి పాటుపడ్డారు. వారు నాస్తికులు. అయినా వారు చేసిన పని మనకూ పాఠమే. చట్టం కుటుంబాన్ని విడదీసి మనిషిని బాగుచేయాలనుకుంది. వారు కుటుంబాన్ని నిలబెట్టి బాగుచేయాలనుకున్నారు.

ఇప్పుడు మన ఇళ్ల సంగతికి వద్దాం. కొడుకు కొత్త మోటారుసైకిలు తెస్తే, "డబ్బు ఎక్కడిది?" అని అడగని తల్లి ఉంది. ఆఫీసులో లంచమిచ్చి పని ఎలా సాధించానో భోజనాల దగ్గర గొప్పగా చెప్పే తండ్రి ఉన్నాడు. కొడుకు ఆడపిల్లను ఏడిపించాడని ఫిర్యాదు వస్తే ఆ పిల్లదే తప్పని తోసిపుచ్చే పెద్దలు ఉన్నారు. వీరెవరికీ పోలీసు రికార్డు లేదు. "మంచి కుటుంబం" అనే పేరు కూడా ఉంది. కాని బిడ్డ నేర్చుకునేది పేరును చూసి కాదు, ఇంట్లో రోజూ జరిగేదాన్ని చూసి. ఎదిగిన కొడుకు చేసిన నేరానికి తల్లిదండ్రులు దోషులు కారు. తాము పిల్లల ఎదుట ఎలా బతికారో దానికి మాత్రం వారే జవాబుదారులు.

తండ్రి దోషం కొడుకు మోయడని యెహెజ్కేలు ప్రవక్త ఏనాడో స్పష్టం చేశాడు. మన విచారణలో జైలులో ఉన్నవాని భార్యాబిడ్డలు ఉంటే ఈ మాటను వారి విషయంలో పాటిస్తున్నామా? ఆ పిల్లవాడు ఆటలో చేరబోతే మన పిల్లలను వెనక్కి పిలుస్తున్నామా? జైలులోని మనిషికి బయటి లోకంతో మిగిలిన బంధం చాలాసార్లు ఆ భార్యాబిడ్డలే. శిక్ష ముగిశాక అతడు తిరిగివచ్చేది ఆ ఇంటికే. మనం వారిని వెలివేస్తే, అతడు బాగుపడడానికి ఉన్న దారిని మనమే మూసినవాళ్లమవుతాము.

ఈ వారంలో అటువంటి ఇల్లు మీ వీధిలో ఉంటే ఒకసారి వెళ్లి పలకరించండి. కేసు సంగతి అడగవద్దు. పిల్లల చదువు ఎలా సాగుతోందో అడగండి.