సంతానం దైవానుగ్రహం, సమ్మతి స్త్రీ హక్కు

ఆడపిల్లల్ని ఇచ్చేదీ, మగపిల్లల్ని ఇచ్చేదీ, కొందరిని సంతానం లేకుండా ఉంచేదీ అల్లాహ్‌యేనని దివ్య ఖుర్ఆన్ షూరా సూరా (42:49, 50) మనకు బోధిస్తోంది. ఈ విషయం మనందరికీ తెలుసు. అయినా పెళ్ళయిన రెండేళ్ళకు కోడలి కడుపు పండకపోతే లోపం ఆమెదేనని తీర్పు చెప్పేస్తాం. ఏ ఆసుపత్రికి వెళ్ళాలో, ఏ చికిత్స చేయించుకోవాలో అత్తగారు, ఆడపడుచులు నిర్ణయిస్తారు. సూది పోటు భరించే ఆ ఇల్లాలిని మాత్రం ఎవరూ అడగరు.

వైద్యం చేయించుకోవడం తప్పు కాదు. ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు సృష్టించాడని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. 1978లో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు జన్మించాక ధర్మపండితులు ఈ సమస్యను లోతుగా పరిశీలించారు. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1986లో అమ్మాన్‌లో సమావేశమై తీర్మానం చేసింది. నికాహ్ బంధంలో ఉన్న భర్త వీర్యం, భార్య అండం మాత్రమే ఉపయోగించి, ఆ పిండాన్ని ఆ భార్య గర్భంలోనే ఉంచితే అవసరమైనప్పుడు అనుమతి ఉంది. మూడో వ్యక్తి వీర్యం గానీ, అండం గానీ, గర్భం గానీ ప్రవేశిస్తే అది నిషిద్ధం. ఎందుకంటే బిడ్డకు తన వంశం తెలుసుకునే హక్కుంది. కన్న స్త్రీయే తల్లి అని ఖుర్ఆన్ (58:2) స్పష్టం చేసింది.

ఈ హద్దు చెరిగితే ఏమవుతుందో మా విశాఖపట్నం చూసింది. 2025 జూలైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన కేసు ఇది. సికింద్రాబాద్‌లోని ఒక సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్ళిన దంపతులను విశాఖ శాఖకు పంపారు. అద్దె గర్భం పేరుతో ముప్పై లక్షలకు పైగా వసూలు చేసి, మీ బిడ్డేనంటూ ఒక శిశువును అప్పగించారు. డీఎన్ఏ పరీక్షలో ఆ బిడ్డ వారిది కాదని తేలింది. అస్సాంకు చెందిన ఒక పేద జంటకు 90 వేలు ఇచ్చి ఆ శిశువును తీసుకున్నారని పోలీసులు వెల్లడించారు.

ఇందులో ఇద్దరు స్త్రీలున్నారు. ఒకామెకు నిజం తెలియనివ్వలేదు. రెండో ఆమె ముందు లేమి తప్ప వేరే దారి ఏముందో ఆలోచించండి. నిజం దాచిన చోట, ఆకలి తరిమిన చోట స్త్రీ స్వేచ్ఛ అన్న మాటకు అర్థం లేదు.

మరి ఇస్లాం స్త్రీకి ఏ స్వేచ్ఛనిచ్చింది? గర్భం రాకుండా భర్త అజ్ల్ పాటించాలన్నా భార్య అనుమతి అవసరమని హనఫీ ధర్మవేత్తలు శతాబ్దాల క్రితమే చెప్పారు. సంతానం విషయంలో ఆమెకూ హక్కుందని దీని భావం. అలాంటప్పుడు ఆమె శరీరంపై జరిగే చికిత్సకు ఆమె సమ్మతి ఇంకెంత అవసరం! 2022 జనవరి 25 నుంచి అమలులో ఉన్న చట్టాలు కూడా క్లినిక్‌కు రిజిస్ట్రేషన్‌ను, రాతపూర్వక సమ్మతిని తప్పనిసరి చేశాయి. డబ్బు కోసం గర్భం అద్దెకివ్వడాన్ని నిషేధించాయి. అయితే దాతల అండాలను, వీర్యాన్ని చట్టం అనుమతిస్తోంది. చట్టం అనుమతించిందల్లా మనకు ధర్మసమ్మతం కాదు.

కాబట్టి సోదరులారా! ముందు మీరు పరీక్ష చేయించుకోండి. వీర్య పరీక్ష తేలికైనది, ఖర్చు తక్కువ. లోపం పురుషునిలోనూ ఉండవచ్చు. దాన్ని దాచి భార్యను నిందించడం అన్యాయం. సోదరీమణులారా! అర్థం కాని కాగితంపై సంతకం చేయకండి. క్లినిక్ రిజిస్ట్రేషన్ చూడండి. మా ఇద్దరి కణాలే వాడాలని రాతపూర్వకంగా అడగండి. చికిత్స చాలు, ఇక భరించలేనని చెప్పే హక్కు మీకుంది. రేవులోనో, ఉక్కు కర్మాగారంలోనో చెమటోడ్చి కూడబెట్టిన సొమ్మును దళారుల చేతిలో పోయకండి.

హజ్రత్ ఆయిషా (రజి)కు సంతానం కలగలేదు. అక్క కుమారుడైన అబ్దుల్లాహ్ పేరుతో ఆమెను ఉమ్మె అబ్దుల్లాహ్ అని పిలిచేవారు. రెండు వేలకు పైగా హదీసులు ఆమె ద్వారా మనకు అందాయి. గొప్ప సహాబాలు సైతం సందేహాలు తీర్చుకోవడానికి ఆమె గుమ్మం ముందుకొచ్చారు. విశ్వాసులందరికీ ఆమె తల్లి. ఒడి నిండకపోవడం స్త్రీకి లోటు అయితే, అల్లాహ్ ఆమెకు ఇంతటి స్థానం ఇచ్చేవాడా? మన ఇంట ఉన్న ఆ కోడలిని ఈ దృష్టితో ఒక్కసారి చూద్దాం.

సంతానం కోరే వారికి అల్లాహ్ ధర్మసమ్మతమైన మార్గంలో సంతానం ప్రసాదించుగాక! లేని వారికి సహనాన్ని, మనకు వారిని గౌరవించే మనసును ఇచ్చుగాక! ఆమీన్.