పదిమంది తెచ్చిన వార్త

ధ్యాన భాగములు: సంఖ్యాకాండము 13, 14 అధ్యాయములు, యెహోషువ 2వ అధ్యాయము



మనలో అనేకుల ఇండ్లలో సాయంకాల ప్రార్థన వేళయు టెలివిజను వార్తల వేళయు ఒకటే అయిపోయినది. ప్రార్థన పది నిమిషములలో ముగియును. వార్తలు పడక వేళ దాక సాగును. టెలివిజను చూచుట పాపమని చెప్పుటకు ఇది వ్రాయుట లేదు. దేశములో జరుగుదానిని ఎరుగక దేశము కొరకు ప్రార్థించుట ఎట్లు? అయితే విన్న వార్త ఎటు ఒరిగియున్నదో కనిపెట్టు కన్ను మనకున్నదా అని ఈ నెల మనలను మనమే ప్రశ్నించుకొందము.

మోషే పండ్రెండుగురిని కనాను దేశమునకు పంపెను. పండ్రెండుగురును 40 దినములు ఒకే దేశమును చూచిరి. ఎష్కోలు లోయలో కోసిన ద్రాక్షగెలను ఇద్దరు దండెమీద మోసికొని వచ్చిరి. దానిమ్మపండ్లు, అంజూరపు పండ్లు తెచ్చిరి. అయినను రెండు వార్తలు వచ్చెను. పదిమంది అబద్ధికులని మనము తొందరపడి అందుము గాని, వారి మొదటి మాటలను నిదానముగా చదివి చూడుడి. దేశము సారవంతమనిరి, పండ్లు చూపిరి. పట్టణములకు ప్రాకారములున్నవనిరి, ఉండెను. అనాకు వంశస్థులను చూచితిమనిరి, చూచిరి. ఇందులో అబద్ధమెక్కడ? పండ్ల సంగతి ఒక్క మాటలో ముగించి, "అయితే" అని మొదలుపెట్టి, తక్కినదంతయు భయమునుగూర్చియే చెప్పిరి. దేనికెంత చోటిచ్చిరో చూడుడి. ఒరుగుట అక్కడ మొదలాయెను.

కాలేబు అడ్డుపడి మాటలాడగానే వారి గొంతు హెచ్చెను. మొదట అనాకు వంశస్థులు అక్కడ ఉన్నారనిన వారే, ఇప్పుడు తాము చూచిన జనులందరును ఉన్నతదేహులే అనిరి. కొందరు అందరైరి! ఆరు గంటల వార్తలో ఒకానొక ఊరి మనిషి చేసిన పని, తొమ్మిది గంటల చర్చలో అతని కులమంతయు, మతమంతయు చేసిన పనిగా మారుటను మనము చూచుట లేదా?

ఇంకొకటి. ఆ దేశస్థుల కంటికి తాము మిడతలవలె కనబడితిమని వారు చెప్పిరి. ఆ సంగతి వారికెట్లు తెలిసెను? ఆ దేశస్థులలో ఒక్కనితోనైనను మాటలాడినట్లు వాక్యములో లేదు. ఎదుటివాని మనస్సులో ఏమున్నదో అతనిని అడుగకయే చెప్పివేసిరి.

మన కాలపు సంగతి ఒకటి చూతము. 2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీనులో తబ్లీగీ జమాతు సమావేశమునకు వెళ్లివచ్చిన వారిలో కరోనా వ్యాధి కనబడెను. తెలుగువారును వారిలో నుండిరి; కొందరు మరణించిరి. ఇది నిజము. ఈ నిజముమీద కొన్ని ఛానెళ్లు రాత్రుల తరబడి కట్టిన కథ వేరు. వ్యాధికి మతమును అంటగట్టి "కరోనా జిహాద్" అను పేరు పలికిరి. అదే సంవత్సరము ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనము, ఆ సమావేశమునకు వచ్చిన విదేశీయుల మీది కేసులను కొట్టివేయుచు, వారిని బలిపశువులను చేసిరనియు, పత్రికలలోను టెలివిజనులోను వారిపై పెద్ద ప్రచారము జరిగెననియు చెప్పెను. నింద వినిన ఆసక్తితో మనము ఆ తీర్పును వింటిమా?

మన చేతులును శుభ్రమైనవి కావు. ఆ దినములలో మన ఫోనులనుండియు ఆ వీడియోలు వెళ్లెను. వీధిలోనికి వచ్చిన సాయిబు పండ్ల బండిని చూచి తలుపు వేసికొన్నవారు మనలోను ఉండిరి. మన పాస్టరులమీద ఏదైన ఛానెలులో నింద వచ్చినప్పుడు, "మమ్మును ఒక్కమాట అడుగకపోతిరే" అని మనము వాపోవుదుము. తొమ్మిదవ ఆజ్ఞలో ఉన్నది పొరుగువాడు. ఆ పొరుగువాడు ఏ మందిరమునకు వెళ్లునో అక్కడ వ్రాయబడలేదు.

ఒరుగుటకు ద్వేషమే కారణము కానక్కరలేదు; డబ్బును చాలును. 2009 ఎన్నికలలో సొమ్ము పుచ్చుకొని అభ్యర్థుల పొగడ్తను వార్తగా అచ్చువేయుటను గూర్చి ఆంధ్రప్రదేశ్ పాత్రికేయుల సంఘమే గొంతెత్తెను. 2010లో ప్రెస్ కౌన్సిల్ దానిమీద నివేదిక వెలువరించెను. టెలివిజనులో ప్రకటనల ధర, చూచువారి లెక్కనుబట్టి యుండును. ఆ లెక్కలలో మోసమున్నదని 2020 అక్టోబరులో ముంబయిలో కేసు లేవగా, బార్క్ సంస్థ వార్తా ఛానెళ్ల లెక్కలను నిలిపి, 2022 మార్చిలో గాని తిరిగి ఇయ్యలేదు. మనలను కుర్చీలోనుండి లేవనీయనిది ఏది? చల్లని వార్తయా, కోపము పుట్టించు వార్తయా? కాబట్టి ఒక వార్త విని మన రక్తము ఉడికిన యెడల, ఆ ఘడియలోనే ఫోను క్రింద పెట్టి, ఎవరిని అడుగక ఈ వార్త చెప్పిరని మనలో మనము విచారింపవలెను. మనకు ఇంపైన ఛానెలు విషయములో ఇది మరింత కష్టము. ఇశ్రాయేలీయులు ఆ రాత్రి ఏడ్చి పదిమందిని నమ్మినది సాక్ష్యము బలమైనందున కాదు. ఐగుప్తుకు తిరిగిపోవు తలంపు వారిలో ముందే ఉండెను. వేరుగా చెప్పిన ఇద్దరినో, రాళ్లతో కొట్టవలెననిరి.

ఆ తరము అరణ్యములో రాలిపోయెను. 40 ఏండ్లు గతించిన పిమ్మట, యెహోషువ పంపిన వేగులవారిద్దరు యెరికోలో రాహాబు ఇంట దిగిరి. మిద్దెమీద జనుపకట్టెలో వారిని దాచినది ఆమెయే. ఆ రాత్రి వారు పండుకొనక మునుపు ఆమె వారియొద్దకు ఎక్కివచ్చి, మీరు ఐగుప్తునుండి వచ్చినప్పుడు సముద్రము ఆరిన సంగతి వినినది మొదలు మా జనుల గుండెలు నీరైపోయినవని చెప్పెను. మిడతలుగా తమ్మును చూచిరని పదిమంది చెప్పినది ఈ జనులనుగూర్చియే. ఆ దేశపు ఇంట ఒక మనిషి నోటినుండి ఆ మాట వినుట వారికి అదే మొదలు.