స్టాండు బాబాయ్ తీర్పు

కృష్ణా కాలువ ఒడ్డున ఒక చిన్న పట్నం. అక్కడ బస్టాండు దాటగానే రోడ్డుకి అటొకటి, ఇటొకటి రెండు సినిమా హాళ్ళు. రెంటికీ కలిపి ఒకటే సైకిల్ స్టాండు. ఇప్పుడు అందులో వెతికినా సైకిలు కనపడదు, అన్నీ మోటారు బళ్ళే. అయినా జనం నోట్లో పాత పేరే నిలిచిపోయింది. ఆ స్టాండు చూసుకునే పెద్దాయన్ని ఊరంతా బాబాయ్ అనే పిలుస్తుంది. చీటీని రెండుగా చింపి ఒక ముక్క బండి హ్యాండిల్‌కి గుచ్చడం, రెండోది మనిషి చేతిలో పెట్టడం ఆయన పని. ఆట మొదలయ్యేదాకా బళ్ళు సర్దాలి, వదిలాక తీసివ్వాలి, మధ్యలో కాపలా కాయాలి. లోపలికెళ్ళి బొమ్మ చూసే తీరిక ఆయనకి ఏనాడూ చిక్కలేదు.

ఆ ఊళ్ళో ఒక దర్జీ ఉన్నాడు. జాకెట్లు, స్కూలు యూనిఫారాలు కుట్టి ఇల్లు నడుపుకొస్తున్నాడు. ఇంట్లో తల్లి, భార్య, పదో తరగతి కొడుకు, ఆరో తరగతి కూతురు. నెలకొక్క సినిమా అని వాళ్ళింట్లో ఒక పద్ధతి. ఐదుగురికి టిక్కెట్లు, ఇంటర్వెల్లో సమోసాలు, కూల్‌డ్రింకులు, రానుపోను ఆటో, అన్నీ కలిపితే రెండు రోజుల కుట్టుకూలి. ఆ ఒక్కటీ బాగోకపోతే నెలంతా అతని మనసు పీకుతూనే ఉంటుంది.

ఒక శుక్రవారం రెండు హాళ్ళలోనూ కొత్త బొమ్మలు పడ్డాయి. ఒకదాంట్లో థ్రిల్లర్, ఎదురుగా కామెడీ. దర్జీ వాకబు మొదలుపెట్టాడు. సెలూన్లో కుర్రాడు "థ్రిల్లర్ అదిరిపోయిందన్నా, కామెడీ జోలికెళ్ళకు" అన్నాడు. టీకొట్టు దగ్గర ఇంకొకడు "థ్రిల్లర్‌లో ఒక్క ఫైటు లేదు, నాకైతే నిద్రొచ్చింది" అని పెదవి విరిచాడు. హైదరాబాద్ నుంచి బావమరిది ఫోన్ చేసి, "బావా, థ్రిల్లర్‌కి టాక్ లేదు, డబ్బులు దండగ" అన్నాడు. నువ్వు చూశావా అంటే, "నేను చూళ్ళేదు, ఆఫీసులో అందరూ అదే అంటున్నారు" అన్నాడు. ఫోన్లో ఒక సమీక్షకుడు అదే థ్రిల్లర్‌కి మూడు మార్కులిచ్చాడు, ఇంకొకాయన ఒకటిన్నరతో సరిపెట్టాడు. శనివారం సాయంత్రానికి దర్జీ దగ్గర పదిమంది మాటలు పోగయ్యాయి, ఏ సినిమాకి వెళ్ళాలో మాత్రం తేలలేదు.

చివరికి స్టాండు దగ్గరికి వెళ్ళాడు.

"బాబాయ్, ఈ రెంటిలో ఏది బాగుంది?"

"నేను చూడలేదురా అబ్బాయ్. చూసొచ్చినవాళ్ళని మాత్రం చూశాను. ఫస్ట్ షో వదిలేదాకా ఈ స్టూలు మీద కూర్చో, నువ్వూ చూద్దువుగాని" అన్నాడు బాబాయ్.

దర్జీ కూర్చున్నాడు. కాసేపటికి కామెడీ హాల్లోంచి నవ్వు గుప్పున లేచి రోడ్డుదాకా వినిపించింది. బాబాయ్ చెయ్యెత్తి, "విన్నావా? మార్నింగ్ షోకి ఇక్కడే నవ్వారు, మ్యాట్నీకీ ఇక్కడే నవ్వారు. హీరో కనపడితే వేసే కేక వేరు, ఇది మాటకి వచ్చిన నవ్వు. అక్కడ రాసినవాడు సరిగ్గానే రాశాడు" అన్నాడు.

థ్రిల్లర్‌కి ఇంటర్వెల్ ఇచ్చారు. జనం క్యాంటీన్ మీద పడ్డారు. ఇంకా బెల్లు మోగనే లేదు, సమోసా చేత్తో పట్టుకునే ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళిపోయారు. చిల్లర వెనక్కి తీసుకోకుండానే ఒకాయన పరుగెత్తాడు. క్యాంటీన్ కుర్రాడు ఆ చిల్లర పట్టుకుని వెనకాలే వెళ్ళాల్సొచ్చింది. "లోపల ముడి గట్టిగా పడింది" అన్నాడు బాబాయ్.

ఆటలు వదిలారు. థ్రిల్లర్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు "అదిరింది బాబాయ్" అన్నారు. ఏం బాగుందిరా అంటే మ్యూజిక్ అన్నారు. ఫైట్లు లేవని ఒకడు విసుక్కున్నాడు. వాళ్ళ వెనక ఒక మధ్యవయసు మనిషి నింపాదిగా వచ్చి చీటీ ఇచ్చాడు. పొద్దున ఒకసారి చూసి, సాయంత్రం మళ్ళీ వచ్చాడట. "ఎవరు చేశారో తెలిశాక చూస్తే ఇంకా బాగుంది బాబాయ్. మొదటి పది నిమిషాల్లోనే అంతా మన కళ్ళముందు పెట్టేశాడు. మనమే గమనించలేదు" అని చెప్పి బండి తీసుకున్నాడు. ఎవరు చేశారన్నది మాత్రం నోరు జారలేదు.

కామెడీ నుంచి వచ్చిన పిల్లలు డైలాగులు ఒకరికొకరు అప్పజెప్పుకుంటూ పడీపడీ నవ్వుతున్నారు. ఒక ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ, "ఫస్టాఫ్ అంతా కడుపు పట్టుకుని నవ్వాను" అన్నాడు. వాళ్ళందరికీ ఎడంగా ఒక తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆమె మొహంలో నవ్వు లేదు. "సెకండాఫ్‌లో నత్తివాడి మీద అరగంట జోకులు బాబాయ్ గారూ. మావాడికి నత్తి. చుట్టూ అందరూ నవ్వుతుంటే వీడు నావంకే చూస్తూ కూర్చున్నాడు" అంది. బాబాయ్ ఏమీ మాట్లాడకుండా ఆమె బండి తీసి రోడ్డుమీద పెట్టి వచ్చాడు.

"ఇప్పుడు నేనేం చెయ్యను? అందరూ నిజమే చెబుతున్నట్టున్నారు" అన్నాడు దర్జీ.

"నిజమే చెబుతున్నారు. ఎవరిది వాళ్ళ నిజం. ఫైట్లు కావాలనుకున్నవాడు గుట్టు కోసం తీసిన సినిమాకెళ్ళి కొలతేశాడు. టేపు పట్టుకుని పాలు కొలిస్తే లెక్క తేలుతుందా? నువ్వు ఊరందర్నీ అడిగావు సరే, రేపు నీతో వచ్చేదెవరు?"

"ఇంటిల్లిపాదీ."

"వాళ్ళని అడిగావా?"

దర్జీ నీళ్ళు నమిలాడు.

ఆ రాత్రి అన్నాలప్పుడు తల్లితో, "అమ్మా, నీకు కామెడీ అయితే కాలక్షేపంగా ఉంటుంది కదా" అన్నాడు.

"నాకు నవ్వులెందుకురా? పెళ్ళి కాకముందు కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు అద్దెకి తెచ్చుకుని రోజుకొకటి నమిలేసేదాన్ని. అందులో డిటెక్టివ్ యుగంధర్ కంటే ముందే హంతకుణ్ణి పట్టేసేదాన్ని. నీకు తెలీదులే, నన్నెప్పుడూ ఎవరూ అడగలేదు" అందావిడ.

దర్జీ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తన తల్లికి భక్తి సినిమా, లేదంటే హాస్యం అని ఇన్నేళ్ళూ అతనే తీర్మానించేసుకున్నాడు.

"మరి పిల్ల జడుసుకుంటుందేమోనండీ" అంది భార్య. దర్జీ పొద్దున్నే వెళ్ళి బాబాయ్‌ని అడిగాడు. రెండుసార్లు చూసిన మనిషి ఆ సంగతి ముందే చెప్పాడట: చంపేటప్పుడు తలుపు మూసే ఉంటుంది, చప్పుడు మాత్రం వినపడుతుంది. సర్టిఫికెట్ మీద యూఏ 7 ప్లస్ అని ఉంది. కొడుకు ఒక్కడే కామెడీ అని గునిశాడు. దర్జీ వాడికి బాబాయ్ మాటే చెప్పాడు: "గుట్టు నాలుగు రోజులకే వీధిలో పడుతుందిరా, ఆ తర్వాత చూసినా ఒకటే చూడకపోయినా ఒకటే. నవ్వుకి ఆ బాధ లేదు. వచ్చే నెల నీ వంతు. మనిషి లోపాన్ని ఎగతాళి చెయ్యని కామెడీ వస్తుంది, దానికెళదాం."

ఆదివారం మ్యాట్నీకి అందరూ వెళ్ళారు. ఇంటర్వెల్లో పెద్దావిడ మనవడి చెవిలో ఒక పేరు చెప్పింది. వాడు కాదన్నాడు. పందెం వేసుకున్నారు. చివరికి ఆవిడ మనిషిని సరిగ్గానే పట్టింది, కారణం మాత్రం తప్పింది. ఆటో సంగతే మర్చిపోయి, కాలువ గట్టు వెంబడి వాదించుకుంటూ ఇంటిదాకా నడిచొచ్చారు. రాత్రి బావమరిది ఫోన్ చేసి ఎలా ఉంది బావా అంటే దర్జీ ఇలా చెప్పాడు: "మా అమ్మకి చాలా బాగుంది. నీకెలా ఉంటుందో నువ్వు చూసే తేల్చుకోవాలి."

నీతి: "సినిమా బాగుందా?" అన్నది సగం ప్రశ్నే. ఎవరికి బాగుంది, దేనివల్ల బాగుంది, మనతో వచ్చేవాళ్ళకి ఏం కావాలి అని కలిపి అడిగినప్పుడే సరైన జవాబు దొరుకుతుంది.

ఈ నీతి మన రోజువారీ అలవాటుకి అడ్డం వస్తుంది. శుక్రవారం మధ్యాహ్నానికల్లా హిట్టా, ఫట్టా అని తేల్చేయడం మనకి అలవాటైపోయింది. హిట్టు, ఫ్లాపు అనేవి పెట్టుబడి పెట్టినవాళ్ళ లెక్కలు. అవి నిర్మాతకి, బయ్యర్‌కి ప్రాణం. టిక్కెట్టు కొని కూర్చునేవాడికి మాత్రం తన సాయంత్రం ఎలా గడిచిందన్నదే లెక్క. 2010 అక్టోబరులో వచ్చిన "ఖలేజా" బాక్సాఫీసు దగ్గర నిలబడలేదు. తర్వాత టీవీలో వచ్చిన ప్రతిసారీ ఇళ్ళలో నవ్వులు పూయించింది. 2025 మే నెలలో మళ్ళీ విడుదల చేస్తే జనం హాళ్ళకి తరలివచ్చారు. సినిమా మాత్రం అదే. మొదటి వారం టాక్ విని ఇంట్లో ఉండిపోయినవాళ్ళు హాల్లో ఆ నవ్వుల కోసం ఏళ్ళ తరబడి ఆగాల్సి వచ్చింది.

థ్రిల్లర్ గురించి వాకబు చేసేటప్పుడు కథ అడక్కూడదు. ముడి న్యాయంగా వేశారా, విప్పేటప్పుడు ప్రేక్షకుణ్ణి మోసం చేశారా అని మాత్రం అడగాలి. 2005లో చంద్రశేఖర్ యేలేటి తీసిన "అనుకోకుండా ఒక రోజు"లో కథానాయికకి తన జీవితంలో ఒక రోజు గుర్తుండదు. వెళ్ళేముందు మనకి అంతవరకు తెలిస్తే చాలు, అంతకు మించి చెప్పినవాడు మన టిక్కెట్టు డబ్బుని దోచుకున్నట్టే. 1960లో "సైకో" విడుదలైనప్పుడు ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వొద్దని దర్శకుడు హిచ్‌కాక్ పట్టుబట్టాడు. ముగింపు బయట చెప్పొద్దని ప్రేక్షకుల్ని వేడుకున్నాడు. గుట్టు విలువ ఆయనకి తెలుసు. ఇంకో సంగతి కూడా చూసుకోవాలి: ఆ కథ మనం వేరే భాషలో ముందే చూశామా? 2019 ఆగస్టులో వచ్చిన మన "ఎవరు"కీ, అదే ఏడాది మార్చిలో వచ్చిన హిందీ "బద్లా"కీ మూలం ఒకే స్పానిష్ సినిమా. ఒకటి చూసినవారికి రెండోదాంట్లో చివరి మలుపు మునుపటంత బలంగా తగలదు. అది సినిమా తప్పు కాదు, మనం ముందే తెలుసుకోవాల్సిన విషయం.

కామెడీకి వేరే వాకబు కావాలి. ఎంత నవ్వారన్నదానికంటే దేనికి నవ్వారన్నది ముఖ్యం. మాట విరుపుకా, మనిషి అమాయకత్వానికా, లేక ఎవరి లోపానికైనా? ఆ జవాబు తెలిస్తే ఇంట్లో ఎవరిని తీసుకెళ్ళాలో దానంతటదే తెలుస్తుంది. ట్రైలర్‌ని నమ్ముకుంటే లాభం లేదు, ఉన్నవాటిలో మంచి జోకులన్నీ చాలాసార్లు అందులోనే గుచ్చి వదులుతారు. రాసినవారు, తీసినవారు ఇంతకుముందు ఏం చేశారో చూస్తే మేలు. జంధ్యాల పేరు చూసి హాలుకి వెళ్ళిన తరం మనకుంది. 1986లో ఆయన మల్లాది వెంకటకృష్ణమూర్తి నవలని "చంటబ్బాయ్"గా తీసి, చిరంజీవిని డిటెక్టివ్‌గా నిలబెట్టి నవ్వించారు. చిరంజీవి ఫైట్ల కోసం వెళ్ళినవారి తీర్పుకీ, హాస్యం కోసం వెళ్ళినవారి తీర్పుకీ అక్కడే తేడా వస్తుంది.

థ్రిల్లరూ కామెడీ రెండూ కలిసిన సినిమాలకి పోస్టరు మీద మొహాలు చూసి తీర్పు చెప్పడం మరీ అన్యాయం. 2019 జూన్‌లో వారం తేడాతో "ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ", "బ్రోచేవారెవరురా" వచ్చాయి. ఆ డిసెంబరులో "మత్తు వదలరా" వచ్చింది. పెద్ద హీరోలు లేరు, కోట్ల సెట్టింగులు లేవు. చూసినవారు నచ్చిన కారణం పక్కవారికి చెప్పారు, ఆ మాటే వాటిని నిలబెట్టింది.

పిల్లల్ని తీసుకెళ్ళేవారు ఇంకొకటి చూసుకోవాలి. 2024లో వచ్చిన నిబంధనలు యూఏ సర్టిఫికెట్‌ని 7, 13, 16 ఏళ్ళ లెక్కన మూడుగా విడదీశాయి. పిల్లవాడికి ఆ సినిమా తగునా అన్నదానికి అది మొదటి ఆధారం. దాంతోపాటు సినిమా చూసొచ్చిన ఒక తల్లినో తండ్రినో అడిగితే సందేహం తీరిపోతుంది.

అడిగేవారికి ఎంత బాధ్యత ఉందో, చెప్పేవారికీ అంతే ఉంది. మనం "వేస్ట్" అని విసిరేసిన ఒక్క మాటతో ఒక ఇంట్లో నెలకొక్కటే దొరికే సాయంత్రం పాడు కావచ్చు, ఒక మంచి సినిమా సోమవారానికల్లా హాలు ఖాళీ చెయ్యొచ్చు. చూడకుండా మాట్లాడొద్దు. చూస్తే ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో, ఎందుకో చెప్పండి. గుట్టు మాత్రం విప్పొద్దు. రేపు సినిమాకి బయలుదేరేముందు మీ ఇంట్లో ఇన్నాళ్ళూ ఎవరూ అడగని మనిషిని ముందు అడగండి.