ఆర్తుని పిలుపునకు వెల కట్టవచ్చునా?

పరోపకారము పుణ్యమని అందరును ఎరిగినదే. ఆపదలో నున్నవానిని కాపాడుటకు శ్రమకు, ఖర్చునకు వెనుదీయరాదనుటలోను భేదాభిప్రాయము లేదు. కాని ఆపదయే లేని చోటికి రక్షకులను పరుగెత్తించినవారి విషయమున ధర్మమేమి? అట్టివారి నుండి ఆ ఖర్చును రాబట్టవచ్చునా?

కృష్ణవేణి సముద్రుని చేరు దివిసీమలోను, మచిలీపట్నము తీరమందును ఇది వట్టి చర్చ కాదు. గిలకలదిండి రేవు నుండి వేటకు పోయిన పడవ చెప్పిన నాటికి తిరిగి రానిచో ఇంటివారు అధికారులకు మొరపెట్టుకొందురు. కోస్టుగార్డు నౌకలు, అవసరమైనచో హెలికాప్టర్లు సముద్రమును గాలించును. 2022 జూలైలో మచిలీపట్నము నుండి వేటకు వెళ్ళిన నలుగురి జాడ తెలియక ఇట్టి గాలింపు జరిగినది. వారి పడవ యంత్రము చెడినది. తుదకు వారు క్షేమముగా ఒడ్డు చేరిరి. అది నిజమైన ఆపద. అయితే ఒక్కొక్కప్పుడు పడవ వేరొక రేవులో సురక్షితముగా నుండును; ఇంటికి కబురు మాత్రము అందదు. ఉపగ్రహము ద్వారా ఆపదను తెలుపు పరికరపు మీటను ఎవరైనను పొరపాటున నొక్కవచ్చును. మాఘ పూర్ణిమనాడు హంసలదీవి సాగరసంగమమున స్నానమాడు యాత్రికులలో ఒకడు కానరాక, అలలు లాగుకొనిపోయినవని బంధువులు గగ్గోలు పెట్టుచుండగా, అతడు వేణుగోపాలస్వామి సన్నిధిని చేతులు జోడించి నిలిచి యుండవచ్చును.

గుడివాడలో పన్ను కట్టు గృహస్థు “ఒకరి తొందరపాటునకు మా సొమ్మేల?” అని అడిగినచో అది అన్యాయమైన ప్రశ్న కాదు. అంతకంటె బలమైన ఆక్షేపణ మరొకటి కలదు. నౌక ఒకచోట లేని ఆపదను వెదకుచుండగా, వేరొకచోట నిజముగా మునుగుచున్నవాడు దిక్కులేనివాడగును. వెదకబోయినవారి ప్రాణములకును తుఫాను కడలిలో భద్రత లేదు.

ఈ చిక్కును విప్పుటకు శ్రీమద్రామాయణమున రెండు పిలుపులు కలవు. మొదటిది మారీచునిది. అతడు శ్రీరాముని కంఠస్వరముతో సీతాలక్ష్మణులను పిలిచెను. ఆ అబద్ధపు ఆర్తనాదము వలన పర్ణశాల రక్షణ లేనిదయ్యెను, సీతాపహరణము జరిగెను. కాని ఆ కేక విని భర్తకై తల్లడిల్లుట సీతమ్మ దోషము కాదు. మోసము మారీచునిది. రెండవది విభీషణునిది. శత్రువు తమ్ముడని సుగ్రీవుడు శంకించెను. శ్రీరాముడు ఆ శంకను విన్నాడు. కాని శంక తీరు వరకు అభయమును ఆపలేదు. బుద్ధిపూర్వకముగా వంచించినవాడు వేరు, భయపడి పిలిచినవాడు వేరు. ఇద్దరికిని ఒకే శిక్ష విధించుట ధర్మము కాదు.

లోకములోని చట్టములును ఈ భేదమును పాటించుచున్నవి. ప్రాణములు దక్కినవారి నుండి ప్రతిఫలము కోరరాదని 1910 నాటి బ్రస్సెల్స్ ఒడంబడికయు, 1989 నాటి అంతర్జాతీయ ఒడంబడికయు నిర్ణయించినవి. అమెరికా కోస్టుగార్డు ఆపన్నుల వద్ద రుసుము వసూలు చేయదు. తెలిసి తెలిసి బొంకినవాని నుండి మాత్రము ఖర్చంతయు రాబట్టుటకు అక్కడ చట్టము కలదు.

పొరపడినవారందరికిని రుసుము విధించినచో ఏమి జరుగును? వంచకుడు పేరు చెప్పడు. కావున ఆ భారము ఊరు, పేరు చెప్పి మొరపెట్టుకొన్న నిజాయితీపరుని మీదనే పడును. పడవ క్షేమముగా చేరినను, ఖర్చు కట్టవలసి వచ్చునను జంకుతో ఇంటివారు ఆ సంగతిని దాచవచ్చును. గాలింపు మరింత పొడవగును. అన్నిటికంటె మించిన కీడు వేరొకటి. భర్త రాకకై ఒడ్డున ఎదురుచూచు ఇల్లాలు, పిలువవలెనా వలదా యని డబ్బు లెక్క చూచుకొనుచు ఒక రాత్రి గడపును. ఆ రాత్రియే ఆమె భర్తకు చివరి రాత్రి కావచ్చును.

ఆలస్యమునకు ఎంత వెల చెల్లింపవలెనో ఈ సీమకు తెలియును. 1864 నవంబరులో ఉప్పెన మచిలీపట్నమును ముంచినది. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమంది జలసమాధి యైరి. 1990 మే నెలలో మరొక పెనుతుఫాను ఇదే తీరమును తాకినప్పుడు, ముందుగానే లక్షలాది జనమును తరలించుటచే ప్రాణనష్టము ఎంతయో తగ్గినది. తుఫాను దారి మళ్ళినంత మాత్రమున, శిబిరములో భుజించినవారిని అన్నమునకు ఖరీదు అడుగుట ఎవరికిని తోచదు గదా!

అట్లని పిలిచినవారికి బాధ్యత లేదని కాదు. వేటకు పోవువారు ఏ దిక్కునకు పోవుచున్నది, ఏనాటికి వచ్చునది చెప్పి పోవలెను. ఆపద తెలుపు పరికరమును వెంట నుంచుకొని, దానితో ఆటలాడరాదు. ఆపద కలిగినచో 1554 సంఖ్యకు వెంటనే తెలుపవలెను. ఆపద లేదని తెలిసినచో అంతకంటె వేగముగా తెలుపవలెను. పొరపడినవాడు రక్షకులకు చెల్లింపవలసిన ఋణము ఈ సత్యమే. అది అందిన మరుక్షణము నౌక వెనుకకు మరలి, నిజముగా పిలుచుచున్న మరియొకని వద్దకు పోగలదు.