అరుగు ఎవరి పేరున ఉంది?

మా అమ్మ పేరున ఎప్పుడూ ఏ ఆస్తీ లేదు. ఇల్లు నాన్నది. మగ్గం తాతయ్య నుంచి నాన్నకు వచ్చింది. కానీ చీరాలలో మా ఇంటి ముందున్న అరుగు మాత్రం అమ్మదే. ఆ సంగతి ఏ కాగితంలోనూ రాసి లేదు. వంటిల్లు సర్దుకున్నాక రాట్నం తెచ్చుకుని అక్కడ కూర్చునేది. పక్కింటి పిన్ని, ఎదురింటి అత్తయ్య కూడా తమ రాట్నాలతో వచ్చేవాళ్లు. కండెలు చుడుతూనే చీటీ డబ్బులు, పురుళ్లు, మొగుళ్ల తాగుళ్లు అన్నీ మాట్లాడుకునేవాళ్లు. ఎవరింట్లో దెబ్బలు పడ్డాయో ముందు తెలిసేది ఆ అరుగుకే.

పదేళ్ల కిందట రోడ్డు వెడల్పు చేస్తామంటూ కొలతలకు మనుషులొచ్చారు. గోడ మీద ఎర్రరంగు గీత పడింది. గోడకి లెక్క ఉంది. అరుగు రోడ్డు మార్జిన్‌లో ఉంది కాబట్టి దానికి లెక్క లేదు. నాన్న సంతకం పెట్టాడు. అమ్మ తలుపు వెనక నిలబడి వింది. సెలవుకి వెళ్లిన నేను, "అరుగేగా అమ్మా! లోపల ఫ్యాను కింద కూర్చో హాయిగా" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ మాట ఇన్నేళ్లుగా నన్ను వదలడం లేదు.

రోడ్డుని తిట్టడానికి నాకు నోరు రాదు. నేను చదువుకున్నదీ, ఉద్యోగానికి వెళ్లిందీ బస్సెక్కే. 2005లో 108 అంబులెన్సు వచ్చాక, నొప్పులు పడే ఆడమనిషికి మంచి రోడ్డు అంటే ఏమిటో మనందరికీ తెలుసు. వాడరేవు నుంచి చీరాల, పర్చూరు, చిలకలూరిపేట, నరసరావుపేట మీదుగా పిడుగురాళ్ల దాకా పోయే దారి ఇప్పుడు 167ఎ నంబరు జాతీయ రహదారి. ఆ దారిన బస్సులో వెళ్లే ఆడపిల్లలను చూస్తే నాకు సంతోషమే. మరి నా బాధ దేనికి?

రోడ్డు పడినందుకు కాదు. రోడ్డు వేసేటప్పుడు ఎవరిని అడిగారన్నదే నా బాధ. ఒక చోటు ఎవరిదని అడిగితే చట్టం పట్టా చూస్తుంది. అక్కడ ఎవరు బతుకుతున్నారని అడిగితే జవాబు వేరే వస్తుంది. 2013 భూసేకరణ చట్టం ఈ రెండో ప్రశ్నను కొంత పట్టించుకుంది. భూమి లేకపోయినా, దాని మీద ఆధారపడి బతికే కౌలుదార్లను, కూలీలను, చేతివృత్తులవారిని బాధిత కుటుంబాల కింద లెక్కించింది. వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబం వదిలేసిన స్త్రీలను విడి కుటుంబాలుగా గుర్తించింది. మంచిదే. కానీ ఆలోచించండి: మొగుడు పోతేనో, వదిలేస్తేనో ఆడది ఒక లెక్కకు వస్తుంది. మొగుడుంటే కుటుంబంలో కలిసిపోతుంది. మా అమ్మ కలిసిపోయిన మనిషి.

మా ఊరికి ఊరు వదిలిపోయిన చరిత్ర ఉంది. మునిసిపాలిటీ పన్ను భరించలేమని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల-పేరాల జనం ఇళ్లు విడిచి రామ్‌నగర్ పేరుతో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. బళ్లో ఆ పాఠం గర్వంగా చదువుకున్నాం. ఆ పాకల్లో పొయ్యి ఎవరు రాజేశారు, నీళ్లెక్కడినుంచి మోశారు, పసిపిల్లలతో ఎండాకాలం ఎలా గడిపారు అని ఒక్కరోజూ అడగలేదు. త్యాగానికి పేరున్నవాళ్లు వేరు, దాన్ని రోజూ మోసినవాళ్లు వేరు.

ఇంతదాకా రాశాక నన్ను నేనే నిలదీసుకోవాల్సిన సంగతి ఒకటుంది. అరుగు అందరిదీ కాదు. మా వీధి ఊడ్చే ఆమె ఏనాడూ దాని మీద కూర్చోలేదు. మంచినీళ్లడిగితే కింద నిలబడే తాగేది. అమ్మకు స్వేచ్ఛ అయిన చోటే ఆమెకు గీత. 1985 జూలైలో కారంచేడు నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరిన దళిత స్త్రీలకు ఏ అరుగూ కాదు, దారే దిక్కయింది. కాబట్టి అరుగు పోయిందని నేను ఏడిస్తే అది సగం నిజం. అరుగు గొప్పదా, రోడ్డు గొప్పదా అన్నది తప్పు ప్రశ్న. కొలిచే టేపు పట్టుకున్నవాడు ఎవరివైపు చూసి మాట్లాడుతున్నాడన్నదే అసలు ప్రశ్న.

మొన్న సంక్రాంతికి అమ్మని అడిగాను, ఆ రోజు నేనన్న మాట గుర్తుందా అని.

"గుర్తు లేకేం! ఫ్యాను కింద గాలుంటదే, మనుషులుండరుగా" అంది. పిన్ని చనిపోయిన సంగతి తనకి మర్నాటి దాకా తెలియలేదట. నాలుగిళ్ల అవతలే.

ఈ మధ్య మా కాలనీలో రోడ్డు వెడల్పు చేయమని అర్జీ తిప్పారు. నాకూ ఆ రోడ్డు కావాలి. కానీ మూలమీద ఇడ్లీ బండి పెట్టుకునే ఆమెని ఎవరన్నా అడిగారా అన్నాను. "ఆమెకేముంది, ఇంకోచోట పెట్టుకుంటుంది" అన్నారొకరు. అచ్చం నా గొంతే. సంతకం పెట్టకుండా కాగితం పట్టుకుని ఆమె దగ్గరకి వెళ్లాను. ఆమె నన్ను అనుమానంగా చూసి, ముందు చట్నీ కావాలా అని అడిగింది. అక్కడే నిలబడి ఉన్నాను, మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక.